పెడల్ తొక్కే తీరు మెరుగుపడాలంటే పరికరాలు కొనాలా?

ప్రశ్న:
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద సాధన చేస్తున్నాను. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవేను (గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిల్ ప్రయాణం) పదమూడున్నర గంటల గడువులోగా పూర్తి చేయాలని నా కోరిక. బూటు అడుగున ఉండే క్లీటు అనే బిళ్లను పట్టి ఉంచే క్లిప్‌లెస్ పెడళ్లు పెట్టించుకున్నాక, కిందికి తొక్కితే చాలదని, కాలిని పైకి కూడా లాగితేనే గుండ్రంగా తొక్కినట్లని తోటివారు చెబుతున్నారు. ఇందుకోసం రెండు కాళ్లూ విడివిడిగా తిప్పుకునే క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు), కోలగా ఉండే చైన్‌రింగులు (పెడళ్ల దగ్గర చైను తిరిగే పళ్ల చక్రాలు), ఎడమ కుడి కాళ్ల బలాన్ని వేర్వేరుగా చూపే పవర్ మీటర్లు అమ్ముతున్నారు. ఇవి నిజంగా పనికొస్తాయా?

సమాధానం 1:
ముందుగా పైకి లాగే విషయం చెబుతానండి. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సైక్లిస్టుల చేత అలవాటైన తీరులో, గుండ్రంగా, పైకి లాగుతూ, కిందికి నొక్కుతూ నాలుగు రకాలుగా తొక్కించి చూశారు. పైకి లాగినప్పుడు క్రాంకు మీద బలం పడే దిశ మెరుగుపడింది గానీ, అంతే పనికి శరీరం ఖర్చు చేసిన శక్తి మాత్రం పెరిగింది. తొడను పైకెత్తే కండరాలు పిరుదుల, తొడ ముందుభాగపు కండరాల కంటే చిన్నవి కావడం వల్ల త్వరగా అలసిపోతాయి. ఒక కాలు తొక్కుతుంటే రెండో కాలిని క్రాంకే పైకి తెస్తుంది కాబట్టి, ఆ కాలు పెడల్ మీద బరువు మోపకుండా ఉంటే చాలు.

సమాధానం 2:
విడి క్రాంకుల వల్ల శక్తి ఆదా అవుతుందని 2003లో ఒక పరిశోధన చెప్పినా, తరువాత జరిగిన పలు పరిశోధనల్లో ఆ లాభం కనిపించలేదు. 2012 టూర్ ద ఫ్రాన్స్‌ను బ్రాడ్లీ విగ్గిన్స్ కోల చైన్‌రింగులతోనే గెలిచిన మాట నిజమే, కానీ గుండ్రటి వాటితో గెలిచినవారే చాలా ఎక్కువ. పవర్ మీటర్ మాత్రం ఎంత శ్రమ పడుతున్నారో తెలుసుకోవడానికి నిజంగా ఉపయోగపడుతుంది. అందులో ఎడమ 48, కుడి 52 శాతమని కనిపిస్తే కంగారుపడకండి, అంత తేడా చాలామందికి ఉంటుంది.

సమాధానం 3:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను. డబ్బు పెట్టే ముందు సీటు ఎత్తు చూసుకోండి. మడమను పెడల్ మీద ఉంచి దాన్ని అట్టడుగుకు తెచ్చినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి. క్లీటు తగిలించాక అదే చోట కొద్దిగా వంగి ఉండాలి. తొక్కుతున్నప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్లే. మార్చే ముందు సీటు పోస్టు చుట్టూ టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, ఒక్కో విడతలో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి కదిలించకండి.

ఆ తరువాత తేలిక గేరులో నిమిషానికి 100 చుట్లు దాటేలా తిప్పుతూ, సీటు మీద ఎగిరిపడడం మొదలైన చోట కాస్త తగ్గించి ఆ వేగాన్నే నిలబెట్టండి. భుజాలు బిగుసుకోకుండా చూసుకోండి. బ్రెవే రోజున మాత్రం మీకు సహజంగా కుదిరిన వేగంలోనే తొక్కండి.