అప్‌డేట్: పద్మిని ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిపోవడం లేదు

నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు సిగ్నల్ పడ్డప్పుడల్లా ఆఫ్ అయిపోతోంది, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఇంట్లోనే ట్యూన్ చేసుకోవచ్చా అని అడిగాను కదా. కుదిరింది! మీరు చెప్పినట్టు ముందు ప్లగ్గులు, పాయింట్ల గ్యాప్ (స్పార్క్‌కి కరెంటు తెంచే కాంటాక్టుల మధ్య ఖాళీ), టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూసుకున్నాకే కార్బురేటర్ జోలికి వెళ్లాను, ఆ వరస చాలా ముఖ్యం.

ఐడిల్ జెట్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ అందించే సన్న రంధ్రం ఉన్న భాగం) విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే రంధ్రమే కనపడలేదు, పాత పెట్రోల్ జిగురు గట్టిపడిపోయింది. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టాను. తీగతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, చోక్ ఆఫ్ చేసి, మిక్స్చర్ స్క్రూని (గాలి, పెట్రోల్ పాళ్లు మార్చేది) ఇంజన్ తడబడేదాకా మెల్లగా బిగించి, మళ్లీ శబ్దం నిలకడగా వచ్చేదాకా వదులు చేసి, పెరిగిన స్పీడుని ఐడిల్ స్క్రూతో తగ్గించాను.

ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఇంకా కాస్త వెనకాడుతోంది. యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా పెట్రోల్ చిమ్మే పంపులోని డయాఫ్రం (పల్చటి పొర) మీద అనుమానం, కిట్ దొరకగానే మారుస్తాను.