అంతర్జాతీయ విమానాల రూట్లు: తక్కువ దూరం వెతికితే సరిపోతుందా?

రేణిగుంట అబ్బాయి:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను, ప్రాజెక్టుకి విమానాల రూట్లు తీసుకున్నా. గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం లాగి పెడితే అది దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది, కానీ యాప్‌లో చూస్తే విమానాలు ఆ దారిలో కనపడవు. పోయిన నెల మా అక్కను చెన్నైలో లండన్ ఫ్లైట్ ఎక్కించి, తిరిగి వస్తూ బస్సులో పుత్తూరు దాటేదాకా ఫోన్లో ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నా. నా ప్రోగ్రాం ఇప్పుడు తక్కువ దూరం మాత్రమే వెతుకుతుంది. ఇంధనం ఆదా కావాలి, సేఫ్టీ తగ్గకూడదు అంటే ఇంకేం కలపాలి?

పాత కంట్రోలర్:
తమ్ముడూ, కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కెయ్. పైన జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. 2016లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా పంపారు, దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది, అయినా గాలి వెనకనుంచి తోయడంతో టైము తగ్గింది. ఉత్తర అట్లాంటిక్ మీదైతే గాలిని చూసి రోజుకు రెండుసార్లు ట్రాకులు, అంటే విమానాలు పోయే దారులు, కొత్తగా ప్రకటిస్తారు.

చిత్తూరు సుజాత:
గాలి సరే, కానీ సేఫ్టీని చివర్లో అతికించొద్దు బాబూ. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఎదురెదురుగా గుద్దుకుని 349 మంది పోయారు. ఒక విమానం చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది, నిజమే, కానీ అప్పట్లో ఢిల్లీకి వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి. నాకు ఆ రెండో కారణమే ఎక్కువ బాధ, ఎందుకంటే దాన్ని ముందే కాగితం మీద మార్చి ఉండొచ్చు.
ఇంకోటి, 29,000 అడుగుల పైన ఒకప్పుడు రెండు విమానాల మధ్య ఎత్తులో 2,000 అడుగుల ఎడం ఉండాలి. ఎత్తు కొలిచే పరికరాలు బాగుపడ్డాక 41,000 వరకు దాన్ని 1,000కి తగ్గించారు, మన దేశంలో 2003లో. దాంతో విమానాలకు మరిన్ని ఎత్తులు దొరికాయి, ఇంధనమూ మిగిలింది. నడి సముద్రంలో మాత్రం నేలమీది రాడార్ అందదు, అక్కడ ముందూ వెనకా ఎడం ఎక్కువే పెట్టు.

రేణిగుంట అబ్బాయి:
చాలా థాంక్స్ మేడమ్. మరి మూసేసిన గగనతలాన్ని అడ్డుగోడలా పెడితే చాలా?

పాత కంట్రోలర్:
చాలదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసేసింది, అది గోడే, చుట్టు తిరిగి పోవాల్సిందే. కానీ 2014 జులైలో ఉక్రెయిన్ మీద మలేషియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17 సంగతి చూడు. 32,000 అడుగుల వరకే మూశారు, ఆ విమానం 33,000లో పోతోంది, క్షిపణి తగిలి 298 మంది చనిపోయారు. తెరిచి ఉన్న దారి అంతా మంచి దారి అనుకోకు. యుద్ధం జరిగే చోటు పక్కన ఎన్ని నిమిషాలు మిగిలినా సరే, అటు పోనివ్వనంత పెద్ద జరిమానా, అంటే అదనపు నిమిషాలు, పెట్టు నీ లెక్కలో.

రేణిగుంట అబ్బాయి:
అలాగే సార్. ముందు గాలి డేటా కలిపి చెన్నై–లండన్ రానూపోనూ నడిపి చూస్తా, ఎంత తేడా వచ్చిందో ఆదివారం ఇక్కడే పెడతాను.