‘చదువులలో మర్మమెల్ల’నా, ‘సారమెల్ల’నా?

నాలుగు రోజులుగా ఈ ఒక్క మాట బుర్ర తినేస్తోంది. మా అమ్మాయికి పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి పద్యం చెబుతూ ‘చదువులలో సారమెల్లఁ జదివితిఁ దండ్రీ’ అన్నాను. ‘పుస్తకంలో మర్మమెల్ల అని ఉంది నాన్నా’ అంది. చూస్తే నిజమే. కానీ మా తాతయ్య నోట నేను విన్నది సారమే. ఆయన వీధిబడిలో చదువుకున్న మనిషి, పద్యం తప్పేవారు కాదు. ఛందస్సు పట్టి ఎవరైనా తేల్చగలరా?

తెనాలి మాస్టారు: ఛందస్సుతో తేలదండీ. ‘మర్మ’, ‘సార’ రెండూ గురువు, లఘువే. మొదటి గురువు ‘లో’తో కలిసి ముందు గణంలోకి పోతే, మిగిలేది రెండింట్లోనూ జగణమే (లఘువు, గురువు, లఘువు). కందానికి ఆ చోట కావలసిందీ అదే. యతికీ ప్రాసకీ ఈ మాటతో పనే లేదు. నేను చూసిన అచ్చుప్రతుల్లో మాత్రం మర్మమే ఉంది.

బరంపురం నుంచి: నోటి పాఠాన్ని అంత తేలిగ్గా తీసేయకండి మాస్టారూ. ‘వాడి మాటల్లో ఏదో మర్మం ఉంది’ అంటే ఇవాళ మనకు తోచేది కపటం. అయిదేళ్ల పిల్లాడి నోట ఆ మాట ఎందుకని పెద్దలే సారం చేసి ఉంటారని నా ఊహ.

ఆయుర్వేదం చదివినవాణ్ణి: మర్మం అంటే కపటం ఎలా అవుతుందండీ? ప్రాణం నిలిచే చోటు అది. సుశ్రుతుడు ఒంట్లో 107 మర్మాలు లెక్కపెట్టాడు. చదువుకు ప్రాణం ఎక్కడుందో అక్కడిదాకా చదివానంటున్నాడు ఆ పిల్లవాడు. సారమైతే పిండుకుని పిప్పి పారేయొచ్చు. మర్మాన్ని అలా విడదీయలేం. పోతన సారం అని ఉండడు.

వరంగల్ నుంచి: మీరంతా మర్మం దగ్గరే ఆగిపోయారు. అసలు చూడాల్సిన మాట ‘చదువులు’. పాత తెలుగులో చదువంటే వేదం కూడా. అప్పుడు చదువుల మర్మం ఉపనిషత్తు అవుతుంది. ప్రహ్లాదుడి గురువులు చండామార్కులు చెప్పినవాటిని ‘ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు’ అని ముందే వేరుగా చెప్పేశాడు కదా. స్కంధం చివరి గద్యలో తనను ‘సహజపాండిత్య’, అంటే సహజంగా అబ్బిన పాండిత్యం కలవాడినని చెప్పుకున్న కవికి, బడి చెప్పేది ఎంతవరకో తెలుసు.

అనంతపురం టీచరమ్మ: తండ్రి పద్యం వదిలేసి కొడుకు జవాబు ఒక్కటే పట్టుకుంటే ఎలాగండీ? ‘చదవనివాఁ డజ్ఞుండగు’ అని మొదలుపెట్టి, మూడో పాదంలో ‘చదువఁగ వలయును జనులకు’ అంటాడు హిరణ్యకశిపుడు. రాజకుమారులకు అనలేదు, జనులకు అన్నాడు. పదిహేనో శతాబ్దపు పద్యం ఇది! ఏటా జూన్‌లో బడి తెరిచిన రోజున నేను క్లాసులో మొదట చదివేది ఇదే.

తెనాలి మాస్టారు: అమ్మా, ‘జనులు’ అనగానే ఇవాళ్టి అర్థంలో అందరూ అనుకోకూడదు. ఆ కాలంలో ఎవరికి చదువు దొరికిందో మనకు తెలుసు.

బరంపురం నుంచి: అదీగాక, యతి కోసం పడ్డ మాటేమో.

అనంతపురం టీచరమ్మ: కందంలో యతి రెండు, నాలుగు పాదాలకే కదండీ. మూడో పాదంలో ఆ మాట వేయమని ఎవరూ కవి చెయ్యి పట్టుకోలేదు. మాస్టారు చెప్పింది మాత్రం నిజం, కాదనను. మా ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. 1823లో కలెక్టర్ క్యాంప్‌బెల్ రాసిన నివేదిక ప్రకారం జిల్లాలో బడులు 533. దాదాపు పది లక్షల జనంలో బడికి వెళ్ళే పిల్లలు 7 వేలమంది కూడా లేరు. ఇంకో మాటా రాశాడాయన. పుస్తకాల్లోని పద్యాల భాష జనం మాట్లాడే భాష కాదని, పిల్లలు అర్థం తెలియకుండానే గడగడా అప్పజెబుతున్నారని. ‘జనులకు’ అన్న మాటను వల్లించినవాళ్ళే ఆ జనులు బడికి రాకపోవడం గమనించలేదు. పద్యం నోటికి వస్తే చాలు, అదే చదువు అనుకున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

బరంపురం నుంచి: అయితే నా ఊహకు బలం వచ్చినట్టే. అర్థం తెలియనివాడు అక్షరం మార్చడు, భయపడతాడు. మర్మాన్ని సారం చేసినవాడికి పద్యం అర్థమైంది. తాతయ్యగారో, వారి గురువుగారో.

ఆయుర్వేదం చదివినవాణ్ణి: అర్థమైతే మార్చేవారే కాదు.

వరంగల్ నుంచి: రెండు పద్యాలూ ‘తండ్రీ’తోనే ముగుస్తాయి, ఎవరైనా చూశారా? తండ్రి కొడుకును ‘చదువుము తండ్రీ’ అని బుజ్జగిస్తాడు. కొడుకు అదే పిలుపుతో జవాబిస్తాడు. సంస్కృతంలో ‘తాత’ కూడా ఇద్దరికీ చెల్లుతుంది. అయినా తెలుగు ‘తండ్రీ’లో ఉన్న గారం దానికి లేదని నా గట్టి నమ్మకం.

మొదట అడిగినవారు: ఇవాళ అమ్మాయికి రెండు పద్యాలూ పక్కపక్కన రాసిచ్చాను. మర్మం సంగతి అడగలేదు. ‘నాన్న కొడుకుని తండ్రీ అంటాడేంటి?’ అంది. ‘నిన్ను నేను అమ్మా అని పిలవనా?’ అన్నాను.

తెనాలి మాస్టారు: బాగుంది. తాతయ్యగారి చేతిరాత పుస్తకం ఏమైనా ఇంట్లో ఉందా? ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి. వారు సారం అని రాసుకున్నారో, అన్నారో చూడాలి.