డిఫాల్ట్ గేట్‌వేని "దిక్కు" అనవచ్చా?

ప్రశ్న:

మా ఆఫీసు కంప్యూటర్లన్నీ 192.168.10తో మొదలయ్యే నెట్‌వర్కులో ఉన్నాయి. సర్వర్లు కొన్ని 192.168.20లో, ఇంకొన్ని 10.5.0లో ఉన్నాయి. ఎవరి సెట్టింగులు వాళ్లే సరిచూసుకునేలా తెలుగులో ఒక పేజీ రాస్తూ "డిఫాల్ట్ గేట్‌వే" (బయటి నెట్‌వర్కులకు చేర్చే యంత్రం చిరునామా రాసే గడి) దగ్గర ఆగిపోయాను. తెలుగు సాఫ్ట్‌వేర్లలో డిఫాల్ట్‌కి "అప్రమేయం" అని కనిపిస్తుంది కాబట్టి "అప్రమేయ ద్వారం" అని రాశాను. చదివిన ఇద్దరికీ అర్థం కాలేదు. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు:

గేట్‌వేకి "గవిని" ఉంది కదండీ, కోటకో పట్టణానికో ఉండే వాకిలి. "ప్రధాన గవిని" అనండి.

జవాబు:

గవిని నాకూ ఇష్టమైన మాటే. కానీ ఇక్కడ చిక్కంతా డిఫాల్ట్‌తోనే. అప్రమేయం అంటే కొలతకు అందనిది. విష్ణుసహస్రనామంలో "అప్రమేయో హృషీకేశః" అన్నచోట ఉన్నది ఆ అర్థమే. వేరే ఏదీ చెప్పనప్పుడు వర్తించేది అన్న అర్థం దానికి అతకదు. మీ పాఠకులు తికమకపడ్డారంటే తప్పు వాళ్లది కాదు. "ప్రధాన" కూడా దారి తప్పిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన వాకిలి, ముందు అక్కడికే వెళ్లాలి అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు.

ఆ గడి చేసే పని చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. కంప్యూటరు ఏదైనా పంపాలంటే ముందు తేల్చుకునేది ఒక్కటే: అవతలి చిరునామా నా నెట్‌వర్కులోదేనా? సబ్‌నెట్ మాస్కు (చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్కుదో చెప్పే సంఖ్య) ఉన్నది ఇందుకే. మనకు "కూతవేటు దూరం" అనే మాట ఉంది చూడండి, అచ్చంగా అదే. 192.168.10.25 అనే కంప్యూటరుకు మాస్కు 255.255.255.0 అయితే, 192.168.10.1 నుంచి 192.168.10.254 దాకా కూతవేటులో ఉన్నట్టు. ఇది పోలిక కోసం అంటున్నది కాదు, నిజంగానే కూత వేస్తుంది. "192.168.10.40 ఎవరు? మీ హార్డ్‌వేర్ చిరునామా చెప్పండి" అని నెట్‌వర్కులో అందరికీ వినబడేలా అడుగుతుంది. ఏఆర్‌పీ అనేది ఈ పద్ధతినే. ఆ కేక రౌటరు (నెట్‌వర్కులను కలిపే యంత్రం) దాటదు.

192.168.20.5 సర్వరు కూతవేటులో లేదు. అప్పుడు కంప్యూటరు తనకు తెలిసిన దారుల పట్టిక తీస్తుంది. ఆ నెట్‌వర్కుకంటూ రాసిన దారి ఉంటే అటే పంపుతుంది. రెండు మూడు దారులు సరిపోతే చిరునామాకు ఎక్కువ దగ్గరగా సరిపోయేదాన్ని ఎంచుకుంటుంది. ఏదీ లేకపోతేనే డిఫాల్ట్ గేట్‌వే. పట్టికలో అది 0.0.0.0 అని ఉంటుంది. ఏ చిరునామాకైనా సరిపోతుంది కాబట్టే అన్నిటికంటే చివర దాని వంతు వస్తుంది.

"దిక్కులేనివారికి దేవుడే దిక్కు" అన్న మాటలో ఉన్నది ఇదే వరస. దిక్కు అంటే ఎటు వెళ్లాలన్నదీ అవుతుంది, ఎవరూ లేనప్పుడు ఆదుకునేదీ అవుతుంది. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండగా "అప్రమేయం" కోసం వెళ్లడం నాకు బాధగా ఉంది. సిస్కో కంపెనీ రౌటర్లు దారుల పట్టిక చూపిస్తూ దీన్ని "గేట్‌వే ఆఫ్ లాస్ట్ రిసార్ట్" అంటాయి. తెలుగులో "చివరి దిక్కు". గేట్‌వే అన్న మాట కూడా పాత అలవాటు వల్ల మిగిలిందే. 1981లో వచ్చిన ఐపీ (ఇంటర్నెట్ ప్రోటోకాల్) ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 791, ఇప్పుడు మనం రౌటరు అంటున్నదాన్నే గేట్‌వే అంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా బాగుందండీ. కానీ మాకు మామూలు రౌటరు 192.168.10.1 కాక, 10.5.0 సర్వర్లకు వేరే రౌటరు ఉంది, 192.168.10.2. అలాంటప్పుడు రెండు దిక్కులు రాయాలా?

జవాబు:

వద్దండీ. దిక్కు ఒక్కటే ఉండాలి, దారులు ఎన్నైనా ఉండవచ్చు. రెండు రౌటర్లనీ డిఫాల్ట్ గేట్‌వేలుగా పెడితే కంప్యూటరు ఒకదాన్నే ఎంచుకుని అన్నీ అటే తోస్తుంది. రెండో రౌటరు వెనకున్న సర్వర్లు అందకుండా పోతాయి. 192.168.10.1ని దిక్కుగా ఉంచి, "10.5.0.0 నెట్‌వర్కుకు 192.168.10.2 గుండా" అని విడిగా ఒక దారి రాయండి. ఇంకా మంచిది, ఆ దారిని మొదటి రౌటరులోనే రాయించడం. అప్పుడు ఒక్కో కంప్యూటరునూ ముట్టుకోనక్కర్లేదు.

మాస్కు గురించి మీ పేజీలో గట్టిగా చెప్పండి. ఎవరైనా 255.255.0.0 అని పెట్టారంటే, 192.168.20.5 కూడా కూతవేటులోనే ఉందని కంప్యూటరు నమ్ముతుంది. దిక్కు సరిగ్గానే రాసి ఉన్నా దాని జోలికి పోదు. కేకలు వేస్తూ కూర్చుంటుంది, పలికేవాళ్లు ఉండరు.

మరో సభ్యురాలు:

నాదొక మాట. "రాకపోకలు" అనడంలో మన భాష రాకను ముందు పెట్టింది. నెట్‌వర్కు వాళ్లు మరిచిపోయేది ఆ రాకనే. కంప్యూటరులో అన్నీ సరిచేస్తారు, సర్వరు దాకా పొట్లం (ప్యాకెట్) చేరుతుంది కూడా. కానీ 192.168.10కి తిరుగుదారి ఏదో సర్వరుకు తెలియదు. దానికీ ఒక దిక్కు ఉండాలి కదా! నేను ఒకసారి రెండు రోజులు కంప్యూటరు వైపే వెతికాను, లోపం సర్వరులో ఖాళీగా వదిలేసిన గేట్‌వే గడిలో ఉంది. ఆ పేజీలో "పోక ఉందా, రాక ఉందా" అని రెండు ప్రశ్నలూ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

ఇలా మార్చాను: "మాస్కు: మీ కూతవేటు ఎంత దూరమో చెప్పేది. చివరి దిక్కు (డిఫాల్ట్ గేట్‌వే): ఏ దారీ తెలియనప్పుడు అప్పగించే రౌటరు. ఇది మీ కూతవేటులోదే అయి ఉండాలి. సర్వరుకు విడిగా దారి ఉంటే దిక్కు తర్వాతి వరసలో రాయండి."

జవాబు:

మూడో వాక్యం మీరు రాసినందుకు సంతోషం, నేను చెప్పడం మరిచాను. దిక్కు కూతకు అందకపోతే దాన్ని పిలవడమెలా? "చివరి దిక్కు" పక్కన డిఫాల్ట్ గేట్‌వే అని ఉంచడం కూడా సరైన పనే, తెరమీద వాళ్లకు కనబడేది ఆ పేరే. ఒక్క సవరణ: "సర్వరుకు దారి" అనకండి, "సర్వరు ఉన్న నెట్‌వర్కుకు దారి" అనండి. పట్టికలో మామూలుగా రాసేది ఒక్క యంత్రానికి కాదు, ఆ నెట్‌వర్కు మొత్తానికి.