కోడ్ ఎడిటర్‌లో ఫాంట్ సైజు 20 పెట్టుకుంటే నష్టమా?

నీలిదీపం

నేను వీఎస్ కోడ్‌లో ఫాంట్ సైజు 20 పెట్టుకుని పనిచేస్తాను. మానిటర్ 24 అంగుళాలది, మామూలు 1920 × 1080. మొన్న స్క్రీన్ షేర్ చేసి ఒక బగ్ గురించి చెబుతుంటే మా టీంలో ఒక సీనియర్ అన్నారు, అక్షరాలు ఇంత పెద్దగా పెట్టుకుంటే ఫంక్షన్ మొత్తం ఒక్కచూపులో కనపడదు, పైన మధ్యలోనే రిటర్న్ అయిపోతున్న (అంటే ఫంక్షన్ అక్కడితో ముగిసిపోయే) లైను నీ కంటపడకపోవడానికి అదే కారణం అని. కోపంతో అనలేదు. కానీ ఆ మాట రెండు రోజులు తొలుస్తూనే ఉంది, ఎందుకంటే కాదనలేకపోయాను. ఆ ఫంక్షన్ 62 లైన్లు. నాకు తెరమీద పట్టేవి 34. ఆ రిటర్న్ ఉన్న చోటు పైకి జరిగిపోయింది, నేను కింది భాగంలోనే గంటసేపు వెతికాను.

సరే అని 14కి తగ్గించి వారం వాడాను. 48 లైన్ల దాకా కనపడ్డాయి, అది బాగుంది. కానీ మధ్యాహ్నం దాటేసరికి తెలీకుండానే తెరవైపు వంగిపోతున్నాను, చుక్కకీ కామాకీ తేడా పట్టుకోవడానికి కళ్లు చికిలించాల్సి వస్తోంది, సాయంత్రానికి మెడ పట్టేస్తోంది.

అందుకే అడుగుతున్నాను. ఎక్కువ కోడ్ ఒకేసారి కనపడటం నిజంగా అంత ముఖ్యమా? దానికోసం కంటి హాయిని వదులుకోవాలా? "ఎవరిష్టం వాళ్లది" అని మాత్రం చెప్పకండి, మీరు ఎంత వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో చెప్పండి.

సెమికోలన్

నేను 12. మీ సీనియర్ చెప్పింది సరైనదే అంటాను.

కోడ్‌ని మనం కథ చదివినట్టు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవం. ముందు ఆకారం చూస్తాం. ఎక్కడ లోపలికి జరిగింది, ఎక్కడ లూప్ మొదలై ఎక్కడ ముగిసింది, ఏ బ్లాకు మరీ పొడుగ్గా ఉంది, ఇవన్నీ అక్షరాలు చదవకుండానే తెలుస్తాయి, తెరమీద ఉంటే. లేకపోతే స్క్రోల్ చేయాలి, స్క్రోల్ చేసిన ప్రతిసారీ పైన చూసింది బుర్రలో పెట్టుకోవాలి, ఆ వేరియబుల్ పేరేంటో, ఆ షరతు ఏంటో. మీకు జరిగింది అదే. దానికి తోడు డిఫ్ (కోడ్‌లో ఏం మారిందో చూపించేది) చూసేటప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాలి, కింద లాగ్ కూడా నడుస్తుండాలి. 20లో ఇవన్నీ ఎలా పడతాయో నాకు అర్థం కాదు.

పాతకీబోర్డు

నాకు 47 ఏళ్లు. 21 వాడుతున్నాను.

సెమికోలన్ గారూ, మీ వయసెంతో నాకు తెలీదు కానీ ఒక్కటి చెప్తాను, నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, అది రోగం కాదు, కంట్లో కటకం మెత్తదనం పోగొట్టుకోవడం వల్ల అందరికీ వచ్చేదే. చత్వారం అనే మాటలోనే నలభై ఉంది కదా. ముప్ఫై ఏళ్లప్పుడు నేనూ 11లో రాశాను. అప్పుడు నా కంటే పెద్దవాళ్లు అక్షరాలు పెంచమని అడిగితే విసుక్కున్న రోజులు గుర్తొస్తే ఇప్పుడు బాధగా ఉంటుంది.

ఇక ఎక్కువ లైన్లు కనపడాలన్న వాదన. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకి 80 కాలమ్‌లు. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్‌కి (కంప్యూటర్‌కి తగిలించే తెర, కీబోర్డు) మామూలుగా 80 కాలమ్‌లు, 24 లైన్లు. ఆ 24 లైన్ల తెరమీద ఏళ్ల తరబడి పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాశారు. నీలిదీపం గారికి 34 కనపడుతున్నాయి. నా లెక్కలో తప్పు ఫాంటుది కాదు, 62 లైన్ల ఫంక్షన్‌ది.

సెమికోలన్

24 లైన్ల తెర వాడినవాళ్లు లిస్టింగ్ మొత్తం కాగితం మీద ప్రింటు తీసుకుని బల్లమీద పరుచుకునేవాళ్లు కదండీ. ఒక్కచూపులో చూడాల్సిన అవసరం వాళ్లకీ ఉంది, ఆ పని తెర బదులు కాగితం చేసింది. ఫంక్షన్ చిన్నగా ఉండాలన్నది ఒప్పుకుంటాను, కానీ ఎవరో ఐదేళ్ల కిందట రాసిన కోడ్‌ని మనం ఈరోజు చదవాలి, దాన్ని ముందు అర్థం చేసుకుంటేనే చిన్నది చేయగలం.

వయసు సంగతి మీరు చెప్పింది నిజం. అది నేను ఆలోచించలేదు.

కొలబద్ద

అందరూ 12, 14, 20 అని అంకెలు చెప్పుకుంటున్నారు, అసలు ఈ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగినవేనా అని ఎవరూ అడగలేదు. నాకు ఈ విషయం మీద పట్టుదల ఎక్కువ, కాస్త పొడుగవుతుంది.

వీఎస్ కోడ్‌లో ఫాంట్ సైజు పిక్సెళ్లలో ఉంటుంది. విండోస్, లినక్స్‌లలో మొదట ఉండేది 14, మ్యాక్‌లో 12. చాలా టెర్మినళ్లలో (కమాండ్‌లు టైప్ చేసే కిటికీలు), జీవిమ్ అనే ఎడిటర్‌లో అంకె పాయింట్లలో ఉంటుంది. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు, వెబ్ లెక్క ప్రకారం పిక్సెల్ 96వ వంతు, కాబట్టి ఒకచోట 12 అన్నది ఇంకోచోట 9తో సమానం కావచ్చు. ఒక ఎడిటర్‌లో ఇదే సరిపోయిందని రెండోదాంట్లో అదే అంకె పెట్టి, ఎందుకిలా ఉందని ఆశ్చర్యపోతుంటారు చాలామంది.

ఇక తెర. 24 అంగుళాల 1080 తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు. అదే 1080 తెర 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఉంటే సుమారు 157. స్కేలింగ్ (తెరమీద అన్నిటినీ పెద్దవి చేసే సెట్టింగ్) 100 శాతం మీద ఉంచితే, మొదటిదాంట్లో 14 సైజు అక్షరం కూర్చునే గడి ఎత్తు 3.9 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 2.3. అంకె అదే, అక్షరం దాదాపు సగానికొచ్చింది. ల్యాప్‌టాప్‌ని దగ్గరగా పెట్టుకుంటాం కాబట్టి కొంత సర్దుకుంటుంది, కానీ అంత తేడాని కాదు. అందుకే సెమికోలన్ గారి 12 ఏ తెరమీద, ఎంత దూరం నుంచి అన్నది చెబితే తప్ప దానికి అర్థం లేదు.

ఇప్పుడు 20లో ఏమీ పట్టదన్న మాట చూద్దాం. కోడింగ్ ఫాంట్లలో ఒక అక్షరం వెడల్పు సైజులో దాదాపు 0.6 వంతు. 20 సైజుకి 12 పిక్సెళ్లు. 80 కాలమ్‌లకి 960. అంటే 1920 తెరలో సరిగ్గా సగం, లైను నంబర్ల పట్టీ పోను డెబ్బై పైచిలుకు కాలమ్‌లతో రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టొచ్చు. వెడల్పు దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 లైనుకి 79 అక్షరాలు చాలనడానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి, ఫైళ్లు పక్కపక్కన తెరుచుకోవచ్చని.

ఇబ్బందల్లా ఎత్తుది. 14కి లైను ఎత్తు సుమారు 19 పిక్సెళ్లు, 20కి 27. కానీ ఫాంటు తగ్గించే ముందు మిగతావాటిని చూడండి. కింద టెర్మినల్ ప్యానెల్ తెరిచి ఉంటే అదే పది పదిహేను లైన్లు మింగేస్తుంది. కంట్రోల్ జె కొడితే పోతుంది, కావాలంటే మళ్లీ వస్తుంది. కంట్రోల్ బి కొడితే సైడ్‌బార్ పోతుంది. స్టిక్కీ స్క్రోల్ పెట్టుకుంటే మనం ఏ ఫంక్షన్‌లో, ఏ లూప్‌లో ఉన్నామో పైనే నిలబడి ఉంటుంది.

ఇంకొక మాట. మీ మానిటర్ స్టాండు తిరిగేదైతే తెరని నిలువుగా తిప్పండి. వెడల్పు 1080, అంటే 20 సైజులో 90 కాలమ్‌లు, లైను నంబర్లు పోను 80 పైనే మిగులుతాయి. ఎత్తు 1920, ట్యాబులూ బార్లూ పోగా సుమారు 65 లైన్లు. మీ 62 లైన్ల ఫంక్షన్ అందులో మొత్తం పడుతుంది.

టెర్మినల్‌వాసి

చాలామంది తికమకపడేది ఒకటుంది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్, ప్లస్ కొడితే పెరిగేది కోడ్ ఒక్కటే కాదు, విండో మొత్తం జూమ్ అవుతుంది, మెట్టుకి 20 శాతం చొప్పున. సైడ్‌బార్, మెనూలు, ట్యాబులు అన్నీ ఉబ్బి కోడ్‌కి చోటు తగ్గిపోతుంది. కోడ్ మాత్రమే పెరగాలంటే ఎడిటర్ ఫాంట్ జూమ్ ఇన్ అనే కమాండ్ వేరే ఉంది, దానికి మొదట్లో షార్ట్‌కట్ ఉండదు, మనమే పెట్టుకోవాలి. మౌస్ వీల్ జూమ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే కంట్రోల్ నొక్కి వీల్ తిప్పినా చాలు. టెర్మినల్ ఫాంటు మళ్లీ వేరే సెట్టింగ్.

నేను వాడేది ఈమాక్స్ అనే ఎడిటర్. కంట్రోల్ ఎక్స్, ఆ తర్వాత కంట్రోల్ ప్లస్, తెరిచి ఉన్న ఆ ఒక్క బఫర్ (ఫైలు) మాత్రమే పెరుగుతుంది. చదివేటప్పుడు పెద్దది, ఆకారం చూడాలంటే చిన్నది, రోజుకి ఇరవైసార్లు మారుస్తాను. ఒకే సైజుకి ఎందుకు కట్టుబడి ఉండాలి?

దగ్గరచూపు

నాకు చూపు తక్కువ, అద్దాలతో పూర్తిగా సరికాదు. నా ఫాంట్ సైజు 30. తెరమీద 20 లైన్లు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. పదకొండేళ్లుగా ఇలాగే రాస్తున్నాను.

ఒక్కచూపులో కనపడకపోతే బగ్‌లు వస్తాయన్న మాట వినీ వినీ అలిసిపోయాను. నాకు ఆకారం కనపడదు, కాబట్టి నేను వేరేదారిలో వెళ్తాను. ముందు అవుట్‌లైన్ తెరిచి ఫంక్షన్ల పేర్లు చదువుతాను, తర్వాత బ్లాకులన్నీ ముడిచేసి ఒక్కొక్కటే విప్పుతాను, కొత్త ఫంక్షన్‌లోకి వెళ్లగానే మొదట రిటర్న్ అనే మాట కోసం వెతుకుతాను, బయటికి ఎన్ని దారులున్నాయో తెలియడానికి. నెమ్మదే, ఒప్పుకుంటాను. కానీ చూసి వదిలేసేవాళ్ల కంటే ఎక్కువసార్లు దొరుకుతాయి నాకు తప్పులు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఫాంటు సైజు కాదు, ఇతరులు రాసే 180 అక్షరాల లైన్లు. వాటిని మడిస్తే ఇండెంటేషన్ చెదిరిపోతుంది, మడవకపోతే అడ్డంగా స్క్రోల్ చేస్తూ లైను మొదలేంటో మర్చిపోతాను. వెబ్ పేజీలకి డబ్ల్యూసీఏజీ (వెబ్‌ని అందరూ వాడగలిగేలా చేసే మార్గదర్శకాలు) నియమం ఉంది, అక్షరాలు 200 శాతం పెంచినా పనికొచ్చే సమాచారం ఏదీ పోకూడదని. కోడ్‌కి అలాంటిది ఎవరూ పెట్టలేదు. దయచేసి ఫార్మాటర్ (కోడ్‌ని తనంతట తానే సర్దే సాధనం) పెట్టి లైను పొడవు 100 లోపు ఉంచండి, 88 అయితే ఇంకా సంతోషం. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు అడిగించుకోకుండా పెంచండి. ప్రతి మీటింగ్‌లో "కాస్త పెద్దది చేస్తారా" అని అడగడం చాలా కష్టంగా ఉంటుంది, మూడోసారి అడగలేక ఊరుకున్న రోజులున్నాయి.

పాతకీబోర్డు

దగ్గరచూపు గారూ, రిటర్న్ కోసం ముందు వెతకడం నేను ఇవాళ్టి నుంచే మొదలుపెడుతున్నాను.

అరసున్న

ఒక చిన్న విషయం. నా ఫైళ్లలో తెలుగు వాక్యాలుంటాయి, యాప్‌లో కనపడే సందేశాలు. ఇంగ్లీషు అక్షరాలు 12లో చదవగలిగినా తెలుగు చదవలేం, వత్తులు కింది లైనుకి తగులుతాయి, కొమ్ముకీ దీర్ఘానికీ తేడా తెలీదు. కోడింగ్ ఫాంట్లలో తెలుగు ఉండదు కాబట్టి ఎడిటర్ ఇంకో ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది, దాని కొలతలు వేరు. సైజు 16కి, లైను ఎత్తు 1.7కి పెంచాకే నాకు కుదిరింది. వీఎస్ కోడ్‌లో లైను ఎత్తు దగ్గర 8 కంటే చిన్న అంకె ఇస్తే అన్ని రెట్లు అని తీసుకుంటుంది, 8 నుంచి పైన ఇస్తే పిక్సెళ్లు అని.

సెమికోలన్

కొలబద్ద గారు అడిగారు కాబట్టి కొలిచాను. నాది 27 అంగుళాల 4కె, స్కేలింగ్ 150. నా 12 అసలు తెరమీద 18 పిక్సెళ్లు. గడి ఎత్తు 2.8 మిల్లీమీటర్లు. నీలిదీపం గారి 14 ఆ మానిటర్ మీద 3.9. అంటే ఆయనకి చిన్నగా అనిపించింది నా దానికంటే చాలా పెద్దది. కాబట్టి నేను 12 అన్నాను కదా అని ఎవరూ అది పెట్టుకోకండి. నాకింకా చూపు బాగుంది కాబట్టి నడుస్తోంది.

నీలిదీపం

స్టాండు తిరిగింది. నాలుగు రోజులుగా నిలువు తెర, సైజు 19 (20లో కొన్ని లైన్లు అంచు దాటిపోయాయి). ఆ ఫంక్షన్ మళ్లీ తెరిచాను. పై నుంచి కింది దాకా మొత్తం ఉంది, ఆ రిటర్న్ 11వ లైనులో. చూసి ఊరుకోలేదు, దాన్ని మూడు ముక్కలు చేసి రివ్యూకి పంపాను, మా సీనియర్ ఒప్పుకున్నారు. మెడనొప్పి తగ్గింది.

డిఫ్ మాత్రం పక్కపక్కన పట్టడం లేదు, ఒకే నిలువులో చూపించే ఇన్‌లైన్ డిఫ్ వాడుతున్నాను. అలవాటు అవుతుందంటారా?

సెమికోలన్

చిన్న మార్పులకి అవుతుంది. వందల లైన్లు మారిన డిఫ్‌కి నాకు ఏడాది ప్రయత్నించినా కాలేదు, దానికి అడ్డంగా ఉన్న రెండో తెర ఒకటి ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌ది సరిపోతుంది, ఫాంటు మాత్రం దానికి విడిగా పెంచుకోండి.