పాపర్ చుక్కా, ఎచ్‌డీ 124448నా? ఏమని పిలవాలి?

హన్మకొండ డాబా:
నిన్న రాత్రి పదిన్నరకు ఎచ్‌డీ 124448 అనే చుక్క టెలిస్కోపులో దొరికింది. అది ఉండే సెంటారస్ నక్షత్ర మండలం మనకు దక్షిణాన బాగా కిందనే ఉంటుంది కదా, చెయ్యి చాచి పిడికిలి పెడితే రెండున్నర పిడికిళ్ల ఎత్తు. వీధిలైటు పడకుండా వాటర్ ట్యాంకు చాటుకు జరిగితే గానీ కనపడలేదు. పదో మాగ్నిట్యూడ్ మరి (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), మామూలు కంటికి ఆనే ఆఖరు చుక్క కన్నా 40 రెట్లు మసక. దీన్ని అందరూ ‘పాపర్ చుక్క’ అంటారెందుకు? ఆకాశంలో కూడా ఒకరి పేరు మీద పట్టా రాసియ్యాలా? నంబరు చాలదా?

కాజీపేట కెమిస్ట్రీ:
చాలదన్నా. 1942లో డేనియల్ పాపర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాని వర్ణపటం, అంటే రంగులుగా విడదీసిన వెలుగు చూస్తే, హైడ్రోజన్ ఉందని చెప్పే గీతలే లేవు. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ దగ్గరుంటే దీనిది 15,000 పైమాటే. అంత వేడి చుక్కలో హైడ్రోజన్ గీతలు ఎంతో కొంత గట్టిగానే కనపడాలి. ఇక్కడ ఉన్నదంతా హీలియం, పైన కాస్త కార్బన్. అన్నం గిన్నె మూత తీస్తే అందులో పప్పు మాత్రమే ఉన్నట్టు! ఈ రకం చుక్కల్లో మొదట దొరికింది ఇదే. రెండు తెల్ల మరుగుజ్జులు, అంటే ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన చుక్కలు, కలిసిపోతే ఇలా అవుతుందని ఇప్పుడు ఎక్కువమంది అనేది. లేనిదాన్ని పట్టుకున్నవాడికి ఆ మాత్రం పేరు దక్కొద్దా?

నర్సంపేట పత్తి:
హీలియం దొరికిందే గుంటూరులో. ‘గుంటూరు చుక్క’ అందాం, అయిపోతుంది.

జనగామ టీచర్:
తమ్మీ, అంత తేలిక కాదు. 1868 ఆగస్టు 18 గ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో సూర్యుడి అంచున లేచే మంటల వర్ణపటం చూశాడు, నిజమే. ఆ వర్ణపటంలోని పసుపు గీత సోడియంది కాదని, కొత్త మూలకానిదని హీలియం పేరు పెట్టింది ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త.
డాబా గారూ, మీ నంబరులో మాత్రం మనిషి పేరు లేదా? ఎచ్‌డీ అంటే హెన్రీ డ్రేపర్, చుక్కల వర్ణపటాలను ఫొటో తీసిన అమెరికావాడు. ఆయన 1882లోనే పోయాడు. భార్య ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్‌లో ఆయన పేరిట చుక్కల జాబితా పని సాగింది. 1918 నుంచి 1924 దాకా అచ్చయిన ఆ జాబితాలో 2,25,300 చుక్కలు. వాటిని ఒక్కొక్కటిగా చూసి వర్గం రాసింది ఆనీ జంప్ కానన్. చాకిరీ ఆమెది, అక్షరాలు ఆయనవి.

హన్మకొండ డాబా:
దెబ్బ గట్టిగానే తగిలింది మేడం. అయితే దీనికున్న ఇంకో పేరు, వీ821 సెంటారీ అందాం. ఒక్కో నక్షత్ర మండలంలో వెలుగు మారే చుక్కలకు ఆర్ నుంచి మొదలుపెట్టి, అక్షరాలతో పెట్టే 334 పేర్లు అయిపోయాక వీ335 అంటూ పోతారు. రేషన్ షాపు లైనులో నంబరు లాంటిది, ఎవరి పేరూ ఉండదు.

కాజీపేట కెమిస్ట్రీ:
నిన్న నీ నోటుబుక్కులో ఏమని రాసుకున్నావో చెప్పన్నా ముందు.

హన్మకొండ డాబా:
...‘పాపర్’ అని. పెన్సిల్‌తోనే లే.