సమస్యాపూరణం: దారమే లేక వేలాడె తట్ట యొకటి

నిర్వహణ: ఈ వారం ఛందస్సు తేటగీతి. నాలుగో పాదం నేనిస్తున్నాను, ముందు మూడు పాదాలు రాసి పూరించాలి. పాదం ఇదీ:

దారమే లేక వేలాడె తట్ట యొకటి

దా–త యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) చెల్లుతుంది, దాని మీద పేచీలు వద్దు. విషయం కూడా నేనే ఇస్తున్నాను: ఎగిరే పళ్లేల ఫొటోలు. నిజమని పూరించినా సరే, బూటకమని పూరించినా సరే. ఏ ఫొటో గురించి రాశారో మాత్రం చెప్పాలి. గాలి కబుర్లకు మార్కులు లేవు.

తుంగభద్ర: నాది మెక్‌మిన్‌విల్ ఫొటో. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, 1950 మే 11.

ఒరెగనందున రైతొక డొక్కసంజ
తీసె రెండు చిత్రమ్ములు దివిని జూచి
నూరు కండ్లు వెదకినను నూలు లేదు
దారమే లేక వేలాడె తట్ట యొకటి

ఆ రైతు దంపతులు రీలు పూర్తయ్యేదాకా ఫిల్ము కెమెరాలోంచి తీయలేదు. మోసం చేద్దామనుకున్నవాళ్లకు అంత నిదానం ఉంటుందా? జూన్ 8న ఊరి పత్రికలో వచ్చింది, ఆ నెలాఖరుకు లైఫ్ పత్రికలోకి ఎక్కింది. ఎగిరే పళ్లేల మీద అమెరికా వాయుసేన కొలరాడో విశ్వవిద్యాలయంలో వేయించిన కాండన్ కమిటీ తరఫున ఆ ఫొటోలను పరీక్షించిన హార్ట్‌మన్ కూడా వాళ్ల మాట కొట్టిపారేయలేదు.

నిర్వహణ: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. ఒరెగాన్‌ను ఒరెగను చేశారు, పరదేశీ పేరు కాబట్టి వదిలేద్దాం. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. ‘నూలు లేదు’ అని చెప్పేశాక నాలుగో పాదంలో ‘దారమే లేక’ ఎందుకు? పునరుక్తి. ‘నూరు కండ్లు వెదకినను నోరు మూతె’ అంటే ఆ వెతికినవాళ్ల అవస్థ కూడా తెలుస్తుంది, సమస్యకూ చోటుంటుంది.

చీకటిగది: డార్క్‌రూమ్‌లో చేతులు నానబెట్టుకున్నవాణ్ణి, నేనొక మాట చెప్పాలి. తుంగభద్ర గారూ, మీ పద్యంలో ‘సంజ’ అనే మాట దగ్గరే అసలు కేసు ఉంది. సాయంత్రం ఏడున్నరకు తీశామని వాళ్లు చెప్పారు. కానీ ఫొటోలో ఉన్న గ్యారేజీ తూర్పు గోడ మీద చూరు నీడలు పడ్డాయి. సాయంత్రం సూర్యుడు పడమట ఉంటే తూర్పు గోడ మీద చూరు నీడ ఎలా పడుతుంది? ఎగిరే పళ్లేలను నమ్మని పరిశోధకుడు రాబర్ట్ షేఫర్ పట్టుకున్నది ఇదే. పైగా ఆ పళ్లెం పైన రెండు కరెంటు తీగలు అడ్డంగా కనిపిస్తాయి. పాత ట్రక్కు అద్దాన్ని తీగకు కట్టి ఉంటారని ఒక వాదం. నా పూరణ:

గోడపైన నీడలు వేరు గుట్టు చెప్పె
సంజ కాదది పొద్దుటి సమయమంచు
పటము పట్టదు సన్నని పట్టుపోగు
దారమే లేక వేలాడె తట్ట యొకటి

తుంగభద్ర: నీడల సంగతికి భౌతిక శాస్త్రవేత్త మెకాబీ జవాబిచ్చాడు కదా మాస్టారూ. తూర్పున వెలుగుతున్న మబ్బు ఉంటే ఆ కాంతికి కూడా అలాంటి నీడలు పడొచ్చని. అయినా పొద్దున తీసి సాయంత్రమని చెప్పారే అనుకోండి, అంతమాత్రాన పళ్లెం అబద్ధమైపోతుందా?

చీకటిగది: అబద్ధమైపోదు. కానీ టైము విషయంలో అబద్ధమాడినవాళ్ల మిగతా మాటల్ని మీరు ఎలా తూస్తారు? 2013లో ఫ్రాన్సు పరిశోధకులు కొందరు లెక్కలు కట్టి, ఆ రెండు ఫొటోల జ్యామితి తీగకు వేలాడే చిన్న బొమ్మకు సరిపోతోందన్నారు.

నిర్వహణ: వాదన తరవాత, ముందు పద్యం. మూడో పాదంలో ‘పట్టదు... పట్టుపోగు’ చాలా బాగుంది, చెవికి తగిలింది. కానీ పట్టుదారమని ఇప్పటిదాకా ఎవరన్నారు? యతి కోసం రైతు ఇంట్లోకి పట్టు తెచ్చారు. తీగల మాట పద్యంలో లేకపోవడం మరో లోపం. వచనంలో అంత బలంగా చెప్పిన సాక్ష్యాన్ని పద్యం బయట వదిలేశారు. నీడల పాదానికి మాత్రం నేను దణ్ణం పెడతాను.

కొత్తచిగురు: నమస్కారం అందరికీ. తేటగీతి రాయడం మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. ఫ్లోరిడాలో గల్ఫ్ బ్రీజ్ ఊరు, 1987 నవంబరు. ఒక ఇళ్ల కాంట్రాక్టరు పోలరాయిడ్‌తో వరసగా ఫొటోలు తీశాడు. అతను ఆ ఇల్లు ఖాళీ చేశాక, 1990లో అక్కడి అటక మీద ఎగిరే పళ్లెం చిన్న నమూనా దొరికింది. తనకేమీ తెలియదన్నాడు.

అటక మీది నమూనాను పట్టుకొనిరి
ఫోము పళ్లెము కాగితం పొదిగినారు
ఎవరొ పెట్టిరి నాపైన నీసుతోడ
దారమే లేక వేలాడె తట్ట యొకటి

చివరి రెండు పాదాలూ అతను అంటున్నట్టు.

గణపాఠి: మొదటి పాదంలో యతి భంగం. అటక–పట్టు ఏ మైత్రిలోనూ చెల్లదు. ‘అటక మీద నమూనాయె యగుపడియెను’ అని మార్చండి. రెండో పాదంలో ‘పళ్లెము’ పక్కన ‘కాగితం’ పొసగలేదు, నేటి పద్యం కదా అని నిర్వాహకులు వదిలేస్తారేమో, నేను వదలను.

నిర్వహణ: నేను వదిలేస్తాను. తప్పు చేసినవాడి నోటే సమస్యా పాదాన్ని పలికించడం ఉంది చూశారూ, అది ఇంతవరకు వచ్చినవాటిలో అన్నింటికన్నా తెలివైన పని. పాదం మార్చనక్కర్లేదు, అర్థం తనంతట తనే తిరగబడింది. చిగురు గారూ, యతి నేర్చుకుంటే వస్తుంది. ఈ ఒడుపు నేర్పితే రాదు.

గణపాఠి: సరే. నా పూరణ కూడా విప్పుతాను. బెల్జియంలో పెటిట్-రెషాఁ అనే ఊళ్లో తీసిన ఫొటో, 1990 ఏప్రిల్.

బెల్జియమ్మున కుర్రాడు బెండుముక్క
రంగులద్ది దీపాలతో రంజు చేసె
ఇరువదొక్క వత్సరముల నెరుగరైరి
దారమే లేక వేలాడె తట్ట యొకటి

కొత్తచిగురు: ‘కుర్రాడు’, ‘రంజు’ ఒక పక్క, ‘ఎరుగరైరి’ ఇంకో పక్క. నా కాగితం కన్నా ఇదేం తక్కువండీ?

తుంగభద్ర: భలే అడిగారు! ఇంకొకటి, ఆ ఫొటోలో ఉన్నది త్రికోణం. తట్ట గుండ్రం. చాట అని ఉండాల్సింది.

గణపాఠి: చాటకు యతి కుదరదు, పాదం నాది కాదు. నిర్వాహకులను అడగండి.

నిర్వహణ: తట్ట నాదే, తప్పు కూడా నా ఖాతాలోనే వేసుకోండి. కానీ గణపాఠి గారికి అంతకన్నా పెద్ద చిక్కుంది. ఆ కుర్రాడు 2011 జూలైలో టీవీకి చెప్పిందేమిటి? పాలీస్టైరీన్ ముక్క కోసి, రంగేసి, బల్బులు పెట్టి, వేలాడదీసి ఫొటో తీశామని. అంటే కట్టి వేలాడదీశాడు. మీ పద్యం మాత్రం చివరకు ‘దారమే లేక’ అని కవి మాటగా ఒప్పేసుకుంటోంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

ఇరువదొక్క వత్సరముల నిట్టు లనిరి

ఇప్పుడు నాలుగో పాదం నమ్మినవాళ్ల మాట అవుతుంది, మీది కాదు. ఒక్క ‘అనిరి’తో బయటపడ్డారు.

ఈ ఫొటో దగ్గర ఇంకాస్త ఆగాలనిపిస్తోంది. అది ఎవరి కంటా పడకుండా మూల దాగిన స్లైడ్ కాదు. బెల్జియం రాయల్ మిలటరీ అకాడమీలో కూడా పరిశీలించారు, మాయ చేసిన ఆనవాలు పట్టలేకపోయారు. అది వాళ్ల అసమర్థత అని నేననను. నిజంగా ఒక వస్తువును కెమెరా ముందు వేలాడదీసి తీస్తే నెగటివ్‌లో అతుకులు ఎక్కడుంటాయి? ఫిల్ము అబద్ధం చెప్పలేదు, ఎదురుగా ఉన్న బెండుముక్కనే పట్టింది. ‘మాయ దొరకలేదు’ అన్న మాటను చదివినవాళ్లు ‘మాయ లేదు’ అని చదువుకున్నారు. తుంగభద్ర గారి మూడో పాదంలో ‘నూలు లేదు’ దగ్గర నాకు అసలు ఇబ్బంది ఇదే, పునరుక్తి పేరు చెప్పి తప్పించుకున్నాను. కనపడలేదు అనాల్సిన చోట లేదు అన్నారు.

తుంగభద్ర: ఒప్పుకుంటాను. అయితే మీరూ ఒకటి ఒప్పుకోండి. 1989 నవంబరు 29న బెల్జియంలోనే యూపెన్ ఊరి దగ్గర పోలీసులు ఆకాశంలో వెలుగులు చూశామన్నారు. ఆ మరుసటి మార్చిలో ఎఫ్-16 యుద్ధవిమానాలు కూడా లేచాయి. ఈ బెండుముక్క అబద్ధమని తేలితే వాళ్ల మాట కూడా దాంతోపాటు అబద్ధమైపోదు.

చీకటిగది: కాదు. వాళ్లు చూసిందేమిటో వేరే తేల్చాలి. దానికి ఈ ఫొటో అటూ పనికిరాదు, ఇటూ పనికిరాదు.

వెన్నెలవాకిలి: ఇంతమంది కొట్టుకుంటుంటే చదువుతూ కూర్చున్నాను. నాకు ఏ ఫొటోతోనూ పనిలేదు, డాబా ఎక్కితే చాలు.

పున్నమందున జాబిలి పొడిచె జూడు
భూమి లాగును తానేమొ పోవజూచు
నడుమ నెవ్వరు కట్టిరి నారతాడు
దారమే లేక వేలాడె తట్ట యొకటి

గణపాఠి: అమ్మా, రెండో పాదానికి నమస్కారం! కక్ష్య అనే మాట వాడకుండా కక్ష్యను చెప్పారు. నాకు తప్పు పట్టడానికేమీ దొరకలేదు, అది కాస్త బాధగానే ఉంది.

చీకటిగది: ఫొటో పేరు చెప్పాలన్న షరతు తప్పారు కదా?

నిర్వహణ: తప్పారు. మార్కులు కోస్తాను, మొదటి స్థానం మాత్రం వారికే. రెండోది చిగురు గారికి, యతి సవరించుకున్న పద్యం మళ్లీ పెడితేనే. వచ్చే వారం ఆటవెలది:

నిజము చెప్పలేదు నీడ యైన

గ్యారేజీ గోడ జోలికి ఎవరూ పోవద్దు.